మాడిన మూకుడు, రెండు చెంచాల సోడా

మాడు వాసన హాల్లోకి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. పరుగున వెళ్లి స్టవ్ కట్టేశాను. కాకరకాయ వేపుడులో చివర్న వేసిన బెల్లం నాన్‌స్టిక్ మూకుడు అడుగున నల్లటి పెంకులా బిగుసుకుపోయి ఉంది. అంచుల చుట్టూ నూనె గోధుమరంగు చారలు కట్టింది. వంటగదంతా పొగ.

కిటికీ తెరిచి, మూకుడు తీసుకెళ్లి కుళాయి కింద పెట్టబోతుంటే అత్తయ్య గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

“వేడి మీద చన్నీళ్లు పొయ్యకమ్మా. అడుగు వంకరపోతుంది.”

నిజమే. లోపలున్నది అల్యూమినియం. ఒక్కసారిగా చల్లబడితే వంగిపోతుంది. ఆ తర్వాత గట్టు మీద పెట్టినా కుదురుగా నిలవదు. పావుగంట ఆగాం. మూకుడు చల్లారగానే అత్తయ్య స్టీలు పీచు అందుకున్నారు. ఈసారి ఆపడం నా వంతు.

“వద్దత్తయ్యా, ఇది ఇత్తడి బిందె కాదు.”

చింతపండుతో, బూడిదతో ఏళ్ల తరబడి గిన్నెలు తళతళలాడించిన చెయ్యి అది. ఎంత గట్టిగా తోమితే అంత మెరుపు అని దానికి తెలుసు. ఇక్కడ మాత్రం ఆ బలమే చేటు. ఈ పూత టెఫ్లాన్. 1938లో రాయ్ ప్లంకెట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త చేతికి అనుకోకుండా చిక్కిన పదార్థం. దేన్నీ అంటనివ్వకపోవడం దాని గుణం, మెత్తగా ఉండటం దాని బలహీనత. నలుపు పూత పైన కూర్చుంది. గోకితే నలుపుతో పాటు పూతా లేచిపోతుంది.

రెండు గ్లాసుల నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, స్టవ్ సిమ్‌లో పెట్టాను. చూడండి, అడుగు నుంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. ముందు కరిగేది బెల్లం. నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతున్నాయి. నూనె చారలది వేరే మొండితనం. పదే పదే వేడెక్కిన నూనె వార్నిష్‌లా గట్టిపడి ఉంటుంది కనుక వట్టి నీళ్లకు లొంగదు. మరిగే నీళ్లలో వంటసోడా కొంత బట్టల సోడాగా మారుతుంది, దాని ఘాటుకు ఆ జిడ్డు మెత్తబడుతుంది. పది నిమిషాలకు చెక్క గరిటెతో మెల్లగా నెడితే నల్లటి పెంకు ముక్కలుగా లేచి నీళ్లలో తేలింది.

“నిమ్మకాయ కూడా పిండుదామా?” అన్నారు అత్తయ్య.

పిండితే బుస్సున పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పులుపూ సోడా ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుంటాయి. నిమ్మకాయను ఉప్పునీళ్ల తెల్లమచ్చలకు దాచుకుందామన్నాను.

నీళ్లు పారబోసి చూస్తే, రెండు మూడు మచ్చలు ఇంకా మిగిలి ఉన్నాయి. మూడు చెంచాల సోడాలో చెంచా నీళ్లు కలిపి ముద్ద చేసి, వాటి మీద పట్టించి అరగంట వదిలేశాను. తర్వాత తడిపిన పాత నూలుగుడ్డతో అత్తయ్య గుండ్రంగా రుద్దారు. పసిపిల్లకు నలుగు పెట్టినంత సుతారంగా! గుడ్డ గోధుమరంగైంది. మూకుడు నున్నగా బయటపడింది.

గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, తుడిచి, కిటికీ వెలుగులో పట్టుకుని చూశాం. ఓ మూల లేత నీడలాంటి మరక ఉండిపోయింది. ఉండనీ. వేలికి గరుకు తగలడం లేదు. పూత ఎక్కడా పొరలుగా లేవలేదు. లేచి ఉంటే ఏ సోడా దాన్ని తిరిగి తేలేదు, అలాంటి గిన్నెను వంటకు వాడకుండా తీసెయ్యడమే మంచిది. నాలుగు చుక్కల నూనె రాసి తిరిగి మేకుకు తగిలించాం.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఖాళీ నాన్‌స్టిక్ గిన్నెను పెద్ద మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. మరీ కాలితే వచ్చే పొగ పంజరంలోని లవ్‌బర్డ్స్ ప్రాణాలు తీయగలదు. వంట పొరపాటున మాడితే గాభరాపడి గోకకండి. చల్లారనివ్వండి, సోడా నీళ్లలో మరగనివ్వండి. మాడు దానంతట అదే వదులుతుంది.