నిమ్మచెట్టుపై పగటివేషము

మన పెరటి నిమ్మచెట్టు మీదను, కరివేప మొక్క మీదను గ్రుడ్లు పెట్టు నల్లని సీతాకోకచిలుకను చూడనివారు అరుదు. మగదాని వెనుక రెక్కలపై తెల్లని మచ్చల బారు ఒకటి యుండును. ఆడదానికి మాత్రము మూడు వేషములు. ఒకటి మగదానినే పోలును. రెండవది వెనుక రెక్కలపై తెలుపు, ఎరుపు మచ్చలు దాల్చును. మూడవదానికి ముందు రెక్కలపై తెల్లని పట్టెలును, వెనుక రెక్కలపై ఎఱ్ఱని చుక్కలును ఉండును.

ఈ వేషములు పండితులనే భ్రమింపజేసినవి. 1758లో లిన్నేయస్ మగదానికి పామన్ అనియు, ఆడదానికి పాలిటీస్ అనియు పేర్లిడి, వేరువేరు జాతులుగా లెక్కించెను. ఇవి యన్నియు ఒకే జాతి యని 1865లో వాలెస్ తన వ్యాసమున వివరించెను.

ఇన్ని వేషము లెందులకు? 1848లో వాలెస్‌తో కూడ అమెజాన్ అడవులకు వెళ్లి, అచ్చట 11 ఏండ్లు గడపిన బేట్స్ ఇందుకు సమాధానము చెప్పెను. పక్షులకు రుచింపని సీతాకోకచిలుకల రూపమును రుచించునవి ధరించి ప్రాణములు దక్కించుకొనునని ఆతడు 1862లో ప్రకటించెను. మన పెరటి కథయు ఇదియే. ఈశ్వరి తీగను మేసి పెరిగిన రెండు జాతుల ఒడలిలో విషము చేరును. వానిని రుచి చూచిన పక్షి మరల ముట్టదు. మన ఆడచిలుక ధరించునది వాని వేషమే. అయితే వేషగాండ్రు మితిమీరినచో మోసము బయటపడును.

రెక్కల రంగులు ఇంటిపెంకులవలె పేర్చిన సూక్ష్మమైన పొలుసులవి. అంతటి చిత్తరువు ఒక్కుమ్మడిగా ఎట్లు మారును? 1913 ప్రాంతమున సింహళమున ఫ్రయ్యర్ వీనిని పెంచి చూచి, వేషము మెండెల్ నియమముల ప్రకారమే సంతానమునకు సంక్రమించునని కనుగొనెను. పెక్కు జన్యువులు గుంపుగూడి ఈ పని చేయునని తరువాతివారు తలచిరి. 2014లో బెంగుళూరు శాస్త్రజ్ఞుడు కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులును అసలు మర్మమును వెల్లడించిరి. కీటకములలో ఆడ మగ భేదమును దిద్దు డబుల్‌సెక్స్ అను ఒక్క జన్యువే ఈ వేషమును కూడ నడపుచున్నది. ప్రకృతి క్రొత్త పనిముట్టును చేయలేదు. పాతదానికే క్రొత్త పని యొప్పగించినది.

ఈసారి నిమ్మచెట్టు చెంత ఎఱ్ఱచుక్కల చిలుక వాలినప్పుడు దాని ఒడలిని పరికింపుడు. ఎఱ్ఱనిదైనచో అసలుది, నల్లనిదైనచో వేషగత్తె. పక్షి యెఱుగని ఆ గుట్టు మీకు తెలిసినట్లే.