ఆనకట్టల వరద రక్షణ

ఆనకట్టల వరద రక్షణ అంటే భారీ వరదలు వచ్చినప్పుడు ఆనకట్టలు, జలాశయాల మట్టికట్టలు, బ్యారేజీలు దెబ్బతినకుండా, తెగిపోకుండా తీసుకొనే చర్యల సముదాయం. ఇందులో నిర్మాణానికి ముందు వేసే వరద అంచనా, నీరు పొర్లిపోయే మార్గం, గేట్ల నిర్వహణ, కట్టల తనిఖీ, వరద సమయంలో నీటి విడుదల, దిగువ గ్రామాలకు హెచ్చరిక అనేవి ముఖ్యమైన భాగాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇటీవల జరిగిన ప్రమాదాలను పరిశీలిస్తే కట్ట బలహీనత ఒక్కటే కారణంగా కనిపించదు. వచ్చిన నీటికి తగిన దారి సకాలంలో దొరకకపోవడమే ఎక్కువ ప్రమాదాలకు మూలమైనది.

ఆనకట్టలు దెబ్బతినే విధానం

ఆనకట్టలు ప్రధానంగా రెండు రకాలు. రాతితో గానీ కాంక్రీటుతో గానీ కట్టినవి ఒక రకం, మట్టితో కట్టినవి రెండవ రకం. అనేక ప్రాజెక్టులలో నది మధ్యన గేట్లు గల కాంక్రీటు భాగం, దానికి ఇరువైపులా పొడవైన మట్టికట్టలు ఉంటాయి. వరద వలన వీటికి కలిగే ముప్పులు ఈ విధంగా ఉంటాయి.

కట్టపై నుండి నీరు పొర్లడం: కాంక్రీటు కట్టడంపై నుండి కొంతసేపు నీరు పొర్లినా అది నిలబడే అవకాశం ఉన్నది. మట్టికట్టకు ఆ శక్తి లేదు. దానిపై నుండి జారే నీరు మొదట వెనుక వాలును కోస్తుంది. ఆ కోత కట్ట శిఖరానికి చేరగానే గండి పడుతుంది. గండి వెడల్పయ్యే కొద్దీ నీటి వేగం, నీటి వేగంతో పాటు గండి పెరుగుతాయి. అటువంటి స్థితిలో దానిని పూడ్చడం సాధ్యం కాదు.

ఊట, బుంగలు: కట్ట లోపలి నుండి గానీ పునాది కింది నుండి గానీ నీరు ఊరుతూ మట్టి రేణువులను తనతో తీసుకొనిపోతే లోపల సన్నని సొరంగం ఏర్పడుతుంది. గోదావరి జిల్లాలలో దీనిని బుంగ పడటం అంటారు. ఊట నీరు తేటగా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. నీరు మట్టిరంగుకు తిరిగితే కట్ట లోపల కోత మొదలైనదని గుర్తు.

పునాది కోత: గేట్ల కింది నుండి దూకే నీటికి అపారమైన శక్తి ఉంటుంది. దానిని నెమ్మదింపజేసే కాంక్రీటు తలం, రాతి పరుపు దెబ్బతింటే నదీగర్భం కోసుకుపోయి పునాదులకు ముప్పు వస్తుంది. గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకులో స్తంభాలు కుంగిపోయాయి. పునాది కింద ఇసుక కోసుకుపోవడాన్ని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ బృందం ఇందుకు ఒక ముఖ్య కారణంగా పేర్కొన్నది.

గేట్ల వైఫల్యం: తుప్పు పట్టిన గొలుసులు, తెగిన తీగతాళ్ళు, విద్యుత్తు నిలిచిపోవడం, కొట్టుకువచ్చిన చెట్లు, పడవలు అడ్డుపడటం వంటివి గేట్లను పనిచేయనీయవు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో కృష్ణా వరదలో కొట్టుకువచ్చిన పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీని ఢీకొని గేట్ల బరువుదిమ్మెలను దెబ్బతీశాయి.

వరద అంచనా, పొర్లుమార్గం

జలాశయం నిండిన తరువాత వచ్చే నీరు సురక్షితంగా దిగువకు పోయే మార్గాన్ని స్పిల్‌వే అంటారు. గ్రామ చెరువులకు ఉండే అలుగు, కలుజు, మత్తడి చేసే పని కూడా ఇదే. దీని పరిమాణం ఎంత ఉండాలన్నది ఆ నదికి రాగల అతి పెద్ద వరదపై ఆధారపడి ఉంటుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం చిన్న జలాశయాలకు నూరేళ్ళలో ఒకసారి రాగల వరదను, 6 కోట్ల ఘనపు మీటర్లకు మించి నిల్వ చేసే పెద్ద జలాశయాలకు ఆ పరీవాహక ప్రాంతంలో సంభవించగల గరిష్ఠ వరదను లెక్కలోకి తీసుకోవాలి. గరిష్ఠ నీటిమట్టానికి, కట్ట శిఖరానికి మధ్య అలల తాకిడి కోసం కొంత ఎత్తును ఖాళీగా ఉంచుతారు.

పాత ప్రాజెక్టులకు అప్పట్లో లభించిన కొద్దిపాటి వర్షపాత వివరాలతో అంచనాలు వేశారు. అందువలన వాటిలో కొన్నింటికి పొర్లుమార్గం చాలదు. నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టు దీనికి ఉదాహరణ. 1958లో వరద నీరు మట్టికట్టపై నుండి పొర్లడంతో అక్కడ గండ్లు పడ్డాయి. తరువాత అదనపు గేట్లు నిర్మించినప్పటికీ, 2022 జూలైలో సామర్థ్యాన్ని మించి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రావడంతో ప్రాజెక్టు మరల ప్రమాదపు అంచుకు చేరినది. అప్పుడు 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. ఎడమ కాలువ వైపు గండి పడి కొంత నీరు పోవడంతో కట్టపై ఒత్తిడి తగ్గినది.

శ్రీశైలం ఆనకట్ట ఇందుకు భిన్నమైన ఉదాహరణ. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రల వరద ఒక్కసారిగా చేరడంతో జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు కాగా నీరు 896 అడుగులు దాటినది. విద్యుత్ కేంద్రం మునిగినా, దృఢమైన కట్టడం కావడం వలన ఆనకట్ట నిలిచినది.

జలాశయ నిర్వహణ

వరద రాకముందే జలాశయంలో కొంత ఖాళీ ఉంచితే వచ్చే వరదలో కొంత భాగాన్ని అందులో ఆపవచ్చు. కానీ వర్షాలు మరల రాకపోతే పంటలకు, తాగునీటికి కొరత ఏర్పడుతుంది. అందుచేత ఏ నెలలో ఎంత మట్టం వరకు నింపవచ్చునో ముందుగా నిర్ణయించి పట్టిక తయారుచేస్తారు. రైతులు నిండు జలాశయాన్ని కోరుకోవడం, ఇంజనీర్లు కొంత ఖాళీ కోరుకోవడం ప్రతి ప్రాజెక్టులోనూ కనిపించే సమస్య.

వరద సూచన అందిన వెంటనే తక్కువ మోతాదులో విడుదల మొదలుపెట్టి క్రమంగా పెంచడం మంచి పద్ధతి. చివరి వరకు ఆపి ఒక్కసారిగా అన్ని గేట్లూ ఎత్తితే కట్ట నిలిచినా దిగువ గ్రామాలు మునుగుతాయి.

గోదావరి జిల్లాలలో

పంపా, ఏలేరు: కాకినాడ జిల్లా అన్నవరంలో సత్యనారాయణస్వామి ఆలయం ఉన్న రత్నగిరి పాదాల వద్ద పంపా నదిపై గేట్లు గల జలాశయం ఉన్నది. కార్తీక మాసంలో స్వామివారి తెప్పోత్సవం ఈ నీటిపైనే జరపడం ఆచారం. పంపా వంటి చిన్న నదులకు తూర్పు కనుమల నుండి నీరు చేరుతుంది. కొండలలో కురిసిన వాన కొద్ది గంటలలోనే జలాశయాన్ని చేరుతుంది కనుక ఇటువంటి చోట్ల నిర్ణయానికి దొరికే వ్యవధి చాలా తక్కువ.

అన్నవరానికి సమీపంలోని ఏలేశ్వరం వద్ద ఏలేరు నదిపై 24 టి.ఎం.సి.ల సామర్థ్యం గల జలాశయం ఉన్నది. సాగునీటితో పాటు విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి, నగరానికి కూడా ఇది నీరందిస్తుంది. 2024 సెప్టెంబరులో జలాశయం దాదాపు నిండి ఉన్న దశలో ఎగువన భారీ వర్షాలు కురిశాయి. కట్టకు ప్రమాదం లేకపోయినా, విడుదల చేసిన నీరు కిర్లంపూడి, గొల్లప్రోలు, పిఠాపురం ప్రాంతాల పొలాలను ముంచినది. జలాశయ రక్షణతో పాటు దిగువ కాలువలు, గట్లు కూడా ఆ నీటిని మోయగలిగి ఉండాలని ఈ వరద తెలియజేసినది.

ధవళేశ్వరం: సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య నిర్మించిన ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో 175 గేట్లతో బ్యారేజీ నిర్మించారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఇది ఉన్నది. నదీ ప్రవాహాన్ని కాలువలకు మళ్ళించడానికే ఇది ఉపయోగపడుతుంది, వరదను నిల్వ చేయదు. పెద్ద వరదలో గేట్లన్నీ పైకెత్తి నదిని యథేచ్ఛగా పోనిస్తారు. అప్పుడు డెల్టా రక్షణ భారమంతా ఏటిగట్లపై పడుతుంది. ఇక్కడ హెచ్చరికల స్థాయిలు ఇవి:

- మొదటి హెచ్చరిక: 11.75 అడుగులు (సుమారు 10 లక్షల క్యూసెక్కులు)
- రెండవ హెచ్చరిక: 13.75 అడుగులు (సుమారు 13 లక్షల క్యూసెక్కులు)
- మూడవ హెచ్చరిక: 17.75 అడుగులు (సుమారు 17 లక్షల క్యూసెక్కులు)

1986 ఆగస్టు వరదలో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైనది. ఏటిగట్లకు గండ్లు పడి లంక గ్రామాలతో పాటు డెల్టాలోని అనేక ఊళ్ళు నీట మునిగాయి. ఆ తరువాత గట్లను ఎత్తు చేశారు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో గ్రామస్తులు, సిబ్బంది బలహీనమైన చోట్ల ఇసుక బస్తాలు వేసి గట్లను కాపాడారు. ఎగువన నిర్మాణంలో ఉన్న పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేను 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించారు.

పెద్దవాగు: గోదావరిలో కలిసే పెద్దవాగుపై తెలంగాణలోని అశ్వారావుపేట మండలంలో ఉన్న మూడు గేట్ల ప్రాజెక్టుకు 2024 జూలై 18న సామర్థ్యాన్ని మించిన వరద వచ్చినది. మట్టికట్ట తెగి, ఆంధ్రప్రదేశ్ లోని వేలేరుపాడు మండల గ్రామాలు కూడా నష్టపోయాయి. ఆయకట్టు రెండు రాష్ట్రాలలో ఉన్న ఇటువంటి ప్రాజెక్టులకు మరమ్మతుల ఖర్చు, హెచ్చరికల బాధ్యత ఎవరిదన్నది ముందుగానే తేలవలసిన విషయం.

అన్నమయ్య ప్రాజెక్టు ప్రమాదం

ఆంధ్రప్రదేశ్ లో ఇటీవలి కాలంలో ప్రాణనష్టం ఎక్కువగా కలిగించిన ఆనకట్ట ప్రమాదం గోదావరి ప్రాంతంలో కాక రాయలసీమలో జరిగినది. ఉమ్మడి కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు సామర్థ్యం 2.24 టి.ఎం.సి.లు. దీనికి ఐదు గేట్లు ఉండేవి.

2021 నవంబరులో బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం వలన చెయ్యేరు పరీవాహక ప్రాంతంలో అతి భారీ వర్షాలు కురిశాయి. ఎగువన ఉన్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందుగా తెగి ఆ నీరు కూడా దీనిలోకి చేరినది. సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు పోగల చోట 3 లక్షలకు పైగా వచ్చినట్లు ప్రభుత్వ అంచనా. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. నవంబరు 19 తెల్లవారుజామున నీరు మట్టికట్టపై నుండి పొర్లి, కట్ట కొట్టుకుపోయినది. పులపుత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు గ్రామాలపై వరద విరుచుకుపడినది. ముప్పై మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. నందలూరు - రాజంపేట మధ్య రైలుమార్గం కోసుకుపోయినది. పొలాలపై ఇసుక మేట వేసినది.

ప్రకృతి వైపరీత్యం ఎంత, నిర్వహణ లోపం ఎంత అన్న విషయమై పార్లమెంటులోనూ, రాష్ట్రంలోనూ వాదోపవాదాలు జరిగాయి. ఎగువ కట్ట తెగడం, పొర్లుమార్గం చాలకపోవడం, గేటు తెరుచుకోకపోవడం ఒకే రాత్రి కలిసి రావడం ఈ ప్రమాదపు ముఖ్య లక్షణం. ఒకే నదిపై వరుసగా ఉన్న జలాశయాలను విడివిడిగా కాక ఒకే వ్యవస్థగా పరిగణించాలన్నది దీని నుండి తెలిసే పాఠం.

గేట్లు కొట్టుకుపోయిన సంఘటనలు

2021 ఆగస్టు 5న కృష్ణా నదిపై పులిచింతల ప్రాజెక్టులో 16వ నంబరు గేటు ఎత్తుతుండగా కొట్టుకుపోయినది. జలాశయంలోని నీటిని దిగువకు వదిలి, మట్టం తగ్గిన తరువాత స్టాప్‌లాగ్ అనే ఉక్కు పలకలను దించి ప్రవాహాన్ని ఆపారు.

2024 ఆగస్టు 10 రాత్రి కర్ణాటకలోని తుంగభద్ర ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినది. కర్నూలు, అనంతపురం జిల్లాల ఆయకట్టు కూడా ఈ జలాశయంపై ఆధారపడి ఉన్నది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో ప్రవహిస్తున్న నీటిలోనే పలకలను దించి వారం రోజులలో నీటిని నిలిపివేశారు. అప్పటికి చాలా నీరు పోయినా ఆ ఏటి పంటకు కొంత నీరు దక్కినది.

తనిఖీ, మరమ్మతులు

తనిఖీని వర్షాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి జరపాలి. రాయలసీమ, దక్షిణ కోస్తా జిల్లాలలో ఈశాన్య రుతుపవనాల వరదలు అక్టోబరు - డిసెంబరు మధ్య వస్తాయి కనుక అక్కడ గేట్లను మరొకసారి పరీక్షించడం అవసరం. తనిఖీలో చూడవలసినవి:

- ప్రతి గేటును ఎత్తి దించి చూడటం, తీగతాళ్ళకు, గొలుసులకు కందెన వేయడం
- విద్యుత్తు పోయినా పనిచేసే డీజిల్ జనరేటరు, చేతితో తిప్పే ఏర్పాటు సిద్ధంగా ఉంచడం
- స్టాప్‌లాగ్ పలకలు, వాటిని దించే క్రేను అందుబాటులో ఉంచడం
- మట్టికట్టపై పెరిగిన చెట్లు, చీమల పుట్టలు, పందికొక్కుల బొరియలు తొలగించి పూడ్చడం
- లోపలి వాలుపై రాతి పరుపు జారిన చోట సరిచేయడం
- ఊట నీటి పరిమాణం, రంగు నమోదు చేయడం

వరద సమయంలో కట్టపై రాత్రింబవళ్ళు గస్తీ ఉంటుంది. బుంగ కనిపించిన చోట దాని చుట్టూ ఇసుక బస్తాలతో వలయంగా కట్టి లోపల నీటిమట్టం పెరగనిస్తారు. దాని వలన రెండు వైపులా ఒత్తిడి తేడా తగ్గి మట్టి కొట్టుకుపోవడం ఆగుతుంది. బుంగను పూర్తిగా మూసివేయాలని చూస్తే నీరు మరొక చోట దారి చేసుకొంటుంది.

చట్టం

గుజరాత్ లో 1979 ఆగస్టు 11న మచ్ఛు - 2 ఆనకట్ట తెగి మోర్బీ పట్టణంలో వేలాది మంది మరణించిన తరువాత దేశంలో ఆనకట్టల భద్రతపై దృష్టి పెరిగినది. ఆనకట్టల భద్రతా చట్టం, 2021 ఆ సంవత్సరం డిసెంబరు 30 నుండి అమలులోకి వచ్చినది. 15 మీటర్లకు మించి ఎత్తు గల ఆనకట్టలన్నిటికీ, కొన్ని షరతులకు లోబడి 10 - 15 మీటర్ల ఎత్తు గల వాటికి ఇది వర్తిస్తుంది. తనిఖీలు, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారీ ఆనకట్ట యజమాని బాధ్యతలు. అంతకంటే తక్కువ ఎత్తు గల వేలాది చెరువు కట్టలు ఈ చట్టం పరిధిలోకి రావు.

దిగువ ప్రజలకు హెచ్చరిక

ఎంత జాగ్రత్తగా నిర్మించిన ఆనకట్టకైనా కొంత ప్రమాదావకాశం మిగిలే ఉంటుంది. అందువలన కట్ట తెగితే ఏ గ్రామానికి ఎంతసేపటిలో, ఎంత ఎత్తున నీరు చేరుతుందో చూపే ముంపు పటాలను ముందే తయారుచేస్తారు. సైరన్లు, దండోరా, ఫోను సందేశాలు వంటి ఒకటికి మించిన మార్గాలలో హెచ్చరిక అందాలి. ప్రజలు చేరవలసిన మెరక ప్రాంతం, వెళ్ళవలసిన దారి ముందుగానే తెలిసి ఉండాలి. తెల్లవారుజామున నిద్రలో ఉన్న ఊరికి ఒక గంట ముందు అందిన హెచ్చరిక ఆ కట్టను కాపాడలేకపోవచ్చును, కాని ఊరిలోని మనుషులను కాపాడగలదు.