వంకరపోని వాణి

కొల్లేటి సీమలోని కైకలూరు శ్రోతలకు చేరువగా విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. అంతకు పూర్వము, 1938లో నెలకొన్న మద్రాసు కేంద్రమే తెలుగు ప్రసారములకు ముఖ్యాధారము. నాడైనను నేడైనను శ్రోత కోరునది ఒకటే: అక్కడ పలికిన మాట ఇక్కడ అదే మాటగా వినబడవలెను.

దీనికి అడ్డు తగులు దోషములు రెండు. మెఱుపులు మొదలగువాని వలని రొద బయటినుండి వచ్చి చేరును. వికృతి యన్నది యంత్రములోనే పుట్టును. మూలములో లేని స్వరములను కల్పించి పాట రూపునే మార్చును.

ఈ వికృతితో టెలిఫోను ఇంజనీర్లు చాలకాలము పెనుగులాడిరి. దూరపు తీగెలపై వరుసగా నిలిపిన వర్ధకములు ఒక్కొక్కటియు తన వంకరను కలుపగా, చివరకు మాట చెడిపోవుచుండెను. 1923లో అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఒక యుక్తి పన్నెను. వర్ధకము పెంచి యిచ్చిన ధ్వనిని మూలమంతకు తగ్గించి, అందుండి మూలమును తీసివేసినచో మిగులునది దోషమే. ఆ దోషమును వేఱుగా పెంచి, ఫలితమునుండి తొలగింపవలెను. ఇది పనిచేసినది గాని, యంత్రమును మాటిమాటికి సరిదిద్దుకొనవలసివచ్చెను. 1927 ఆగస్టు 2న హడ్సన్ నదిని రేవుపడవపై దాటుచు, అతడు చేతనున్న వార్తాపత్రికపై వేఱొక ఊహను గీసెను: ఫలితములో కొంత భాగమును తలక్రిందు చేసి మొదటికి మరలించుట. ఇది రేడియోలలో కూడ వ్యాపించెను. పాత యుక్తి వెనుకబడెను.

1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్‌లు గాజుపోగులో వెలుగు ద్వారా వార్తలను దూరము పంపవచ్చునని చూపిరి. తరువాతి కాలమున రేడియో తరంగమునే వెలుగుపై నెక్కించి, పోగు ద్వారా దూరపు ఏరియలుకు చేర్చు పద్ధతి యేర్పడెను. ఇక్కడను వికృతి తప్పలేదు. లేసరు వెలుగు, దానికిచ్చు విద్యుత్తుతో సరియైన పాళ్ళలో పెరుగదు. సెకనులో కోట్లసారులు ఊగు తరంగము విషయమున, ఫలితము మరలి మొదటికి చేరులోపలనే అదను తప్పిపోవును. అందుచే ఇంజనీర్లు 1923 నాటి యుక్తిని మరల చేపట్టిరి.

మరియొక ఉపాయము మన ఉప్పుటేటి పడవవారికి తెలిసినదే. ప్రవాహము దిగువకు త్రోయునని యెఱిగి, వారు ముందుగనే పడవ మొగమును ఎగువకు త్రిప్పుదురు. అట్లే లేసరు చేయబోవు వంకరకు ఎదురు వంకరను తరంగమునకు ముందే కల్పింతురు. రెండును ఒకదానికొకటి చెల్లిపోవును.

వికృతి తగ్గినకొలది, ఒకే పోగులో అనేక ప్రసారములు ఒకదానితోనొకటి కలియక సాగును. టెలిఫోను మాట కొఱకు పుట్టి ప్రక్కకు పోయిన ఊహ, ఇట్లు వెలుగుబాటను చక్కదిద్దుటకు వచ్చినది.