బండికి బీమా, నడిపేవారిపై నిఘా



మొన్న సంక్రాంతి వెళ్లాక మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ జరిగింది. మాది వనపర్తి. మూడేళ్ల కిందట కొన్న కారుకు ఇన్సూరెన్సు గడువు తీరవచ్చింది. కంపెనీ వారి ఏజెంటు ఫోను చేసి, "ఈసారి మీ ఫోనులో ఒక యాప్ పెట్టుకోండి సార్, మీరు బండి ఎట్లా నడుపుతారో అదే రాసుకుంటుంది. మంచిగా నడిపితే నూటికి పదిహేను తగ్గిస్తాము" అన్నాడు. మావారు సంబరపడిపోయారు. "మనం దొంగతనం చేస్తున్నామా, దొరతనం చేస్తున్నామా, చూస్తే చూడనీ" అన్నారు.

అయితే ఆ కారు నడిపేది ఆయన కాదు. మా అమ్మాయి. నాగర్‌కర్నూలులో ఒక ఆసుపత్రిలో నర్సు. వారంలో రెండు మూడు రాత్రులు డ్యూటీ. బిజినేపల్లి మీదుగా పోవటం, తెల్లవారుతుండగా రావటం. ఆ పిల్ల అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నాయనా, అది నీ ఫోనులో పెడితే లాభం లేదు, నా ఫోనులో పెట్టాలి. నన్నొక మాట అడిగితివా?" అన్నది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న నా మనస్సులో మెదులుతూనే ఉండిపోయింది. పదో తరగతితో చదువు ఆపినదాన్నైనా, రేడియోలో మాట్లాడే అలవాటు వల్ల ఏ సంగతినైనా మొదలు నుంచి వెతికి చూడటం నాకు అబ్బింది. అట్లా వెతికి తెలుసుకున్నదే ఈనాడు మీతో చెప్పుకుంటున్నాను.

మన ప్రాంతం బళ్లకు కొత్తది కాదు. అలంపురం గుళ్లు కట్టేటప్పుడు రాళ్లు తోలే బళ్లు తుంగభద్ర దాటే ముందు ఇరుసులకు కందెన పూయించుకున్న చోటే కందెనవోలు, అదే నేటి కర్నూలు అయిందని పెద్దలు చెప్పుకుంటారు. ఆ రోజుల్లో బండి బోల్తాపడితే బీమా ఎక్కడిది? ఎద్దు పోతే రైతు తలరాత. మనిషి పోతే ఊరివారు తలా కొంత వేసుకుని దినాలు చేయించేవారు. నష్టాన్ని పదిమందీ పంచుకోవటమనే ఈ నీతే బీమాకు మూలం. దానికి కాగితమూ, లెక్కా, చట్టమూ తరువాత వచ్చాయి.

గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న కాలంలో మోటారు అంటే దొరల ముచ్చట. సామాన్యులు మోటారెక్కటం బస్సులతోనే మొదలైంది. నిజాం స్టేట్ రైల్వే వారు 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. బళ్లు పెరిగిన కొద్దీ వాటి కింద పడేవారూ పెరిగారు. ఇంగ్లండులో ఈ బాధ ముందే మొదలు కావటంతో 1930లోనే అక్కడ చట్టం చేశారు. రోడ్డు మీదికి బండి తెచ్చేవాడు ఎదుటివారికి కలిగించే నష్టానికి బీమా చేసి తీరాలన్నారు. మన దేశంలో 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. అందులో బీమా తప్పనిసరి చేసే అధ్యాయం మాత్రం 1946 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చట్టం "నీ బండికి బీమా చేయించుకో" అనలేదు. "నీ బండి వల్ల దెబ్బ తినేవాడికి బీమా చేయించు" అన్నది. అంటే దారిన నడిచే ముసలమ్మకు, సైకిలు మీద బడికి పోయే పిల్లవాడికి, తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోయే తల్లికి. దీన్నే థర్డ్ పార్టీ బీమా అంటారు. ఈ మాట వినగానే నాకు మా పెద్దమ్మ గుర్తుకొస్తుంది. పెబ్బేరు నుంచి నడిచి వస్తుంటే ఒక ట్రాక్టరు తగిలి కాలు పోగొట్టుకున్నది. ఆ ట్రాక్టరుకు బీమా గడువు దాటి ఏడాది అయింది. కోర్టు పరిహారం ఇమ్మన్నది. ఇవ్వటానికి ఆ రైతు దగ్గర ఏముంది? తీర్పు కాగితం ట్రంకు పెట్టెలో ఉంది, పెద్దమ్మ మంచంలో ఉంది. ఆ రైతును తిట్టలేక, ఊరుకోలేక మేము పడిన బాధ నేను మరవలేను.

1956లో చట్టాన్ని సవరించి, ప్రమాద పరిహారాల కోసం వేరే ట్రిబ్యునళ్లకు దారి చేశారు. 1982లో మరో మంచి మార్పు వచ్చింది. తప్పు ఎవరిదని తేలకముందే, ప్రాణం పోతే 15,000 రూపాయలు, శాశ్వతంగా అంగవైకల్యం కలిగితే 7,500 రూపాయలు ఇవ్వాలన్నారు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియనప్పుడు కూడా కొంత సాయం అందే ఏర్పాటు జరిగింది. ఆ సాయం 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే యాభై వేలు అయింది. 1988 చట్టం 1989 జూలై 1న పాతదాని స్థానంలోకి వచ్చింది. 2019 సవరణతో, బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జుల్మానా అయింది.

ఈ పరిహారాల లెక్కలో మన ఇల్లాళ్ల విలువ ఎంత కట్టారో కూడా వినండి. 1994లో చట్టానికి చేర్చిన పట్టికలో, సంపాదన లేని ఇల్లాలి ఆదాయాన్ని భర్త సంపాదనలో మూడోవంతుగా లెక్కించమన్నారు. పొద్దున లేచింది మొదలు మంచమెక్కే దాకా చేసే చాకిరీ మూడోవంతు! 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీం కోర్టు ఇల్లాలి సేవలను నెలకు 3,000 రూపాయలుగా కట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో, ఇంటిపనికి ఆదాయం లెక్కగట్టటం ఆమె శ్రమను గుర్తించటమేనని మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాశారు. బీమా చరిత్ర మనకు సంబంధం లేని మగవారి లెక్క అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక కంపెనీ ఎంచుకునే మాటకు వద్దాము. మా మామగారి కాలంలో ఈ చిక్కే లేదు. 1973 జనవరి 1 నుంచి జనరల్ ఇన్సూరెన్సు వ్యాపారమంతా జాతీయం అయింది. 107 కంపెనీలను కలిపి నాలుగు చేశారు. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. ఎవరి దగ్గరికి పోయినా మోటారు బీమాకు ఒకే ధరల పట్టిక. 1999 చట్టం తరువాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2007 జనవరి నుంచి సొంత బండి నష్టానికి కట్టే బీమా ధరను ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చునన్నారు. అప్పటి నుంచే ఈ బేరాలు, ఈ రాయితీలు, ఈ ఫోనులు!

కాని థర్డ్ పార్టీ ధర మాత్రం బేరానికి లొంగదు. అది సర్కారు నిర్ణయించేదే. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు. ఇది తెలిశాక నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను.

మా కారు నడిమి రకం. థర్డ్ పార్టీకి 3,416. సొంత నష్టానికి 6,000. మూడేళ్లుగా క్లెయిము చేయలేదు గనుక నూటికి 35 బోనసు పోగా 3,900. పన్నులు, యజమాని ప్రమాద బీమా పక్కన పెడితే మొత్తం 7,316. మావారు పదిహేను వంతుల రాయితీ అంటే పదకొండు వందలు మిగులుతుందనుకున్నారు. కాని రాయితీ సొంత నష్టం భాగానికే గదా! 3,900లో పదిహేను వంతులంటే 585 రూపాయలు. అదీ, మంచి మార్కులు వస్తేనే. పదకొండు వందల సంబరం ఆరు వందలకు దిగిపోయింది.

ఆ బోనసు సంగతి కూడా గమనించండి. క్లెయిము లేకుండా ఒక ఏడు గడిస్తే నూటికి 20, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50. ఇది బండికి కాదు, యజమానికి చెందుతుంది. బండి మార్చినా వెంట వస్తుంది. చిన్న గీతకు, సొట్టకు క్లెయిము వేస్తే ఇది పోతుంది. గోరంత లాభానికి కొండంత నష్టం. ఒక విధంగా ఇదీ మంచి నడకకు ఇచ్చే బహుమతే. అయితే ఇది ఏడాదికొకసారి ఫలితం మాత్రమే చూస్తుంది, దారి పొడుగునా వెంట రాదు.

వెంట వచ్చే పద్ధతి అమెరికాలో మొదలైంది. ప్రోగ్రెసివ్ అనే కంపెనీ 1998 ప్రాంతంలో టెక్సాసులో బళ్లకు యంత్రం పెట్టి చూసింది. ఇంగ్లండులో నార్విచ్ యూనియన్ 2006లో "నడిపినంతకే కట్టండి" అని మొదలుపెట్టి 2008లో మానుకున్నది. మన బీమా నియంత్రణ సంస్థ 2022 జూలైలో ఇటువంటి పద్ధతులకు అనుమతి ఇచ్చింది. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, కలగాపులగం చేసుకోకండి. ఒకటి, ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంతకు తగ్గట్టు కట్టటం. రెండోది, ఎట్లా నడిపారో దాన్నిబట్టి కట్టటం. మొదటిదానికి మీటరు లెక్క చాలు. రెండోదానికి వేగం, గట్టిగా బ్రేకు వేయటం, మలుపులు తిప్పటం, కొన్ని చోట్ల రాత్రి ప్రయాణం, నడుపుతూ ఫోను పట్టుకోవటం దాకా లెక్కిస్తారు.

మంచిదే గదా అంటారా? నేనూ కాదనను. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట మండలం పాలెం దగ్గర, బెంగుళూరు నుంచి హైదరాబాదు పోతున్న ప్రైవేటు బస్సు కల్వర్టుకు తగిలి కాలిపోయింది. 45 మంది సజీవదహనమైనారు. ఆ దారిన పోయినప్పుడల్లా ఈనాటికీ చేతులు జోడిస్తాము. పరాయివారి ప్రాణాలు చేతిలో పెట్టుకుని నడిపేవారి మీద కన్ను ఉండవలసిందే. 2019 నుంచి కొత్త బస్సులకు, టాక్సీలకు అవి ఎక్కడున్నదీ తెలిపే పరికరం, ఆపదలో నొక్కే మీట ఉండాలన్న నిబంధన అందుకే వచ్చింది.

కాని మా అమ్మాయి సంగతి వేరు. వానాకాలం, యాసంగి పంటలు రాగానే మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. మలుపు తిరిగేసరికి గొర్రెల మంద ఎదురవుతుంది. పిల్ల బ్రేకు వేస్తే గొర్రె బతుకుతుంది, మార్కులు పోతాయి. రాత్రి డ్యూటీకి పోతే రోగి బతుకుతాడు, మార్కులు పోతాయి. ఎందుకు బ్రేకు వేసిందో, ఎందుకు రాత్రి పోయిందో ఆ యంత్రానికి తెలియదు.

అంతకంటె పెద్ద సంగతి, ఆ లెక్క ఎవరి చేతికి పోతుందన్నది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు కారు కదలికలను, ఒక్కొక్కప్పుడు మూడు సెకన్లకొకసారి, పోగుచేసి అమ్ముకున్నారని, ఆ లెక్కలు బీమా కంపెనీల దాకా పోయి కొందరి ప్రీమియం పెరిగిందని 2024లో బయటపడింది. 2025 జనవరిలో అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ అయిదేళ్ల పాటు అటువంటి సమాచారం ఆ ఏజెన్సీలకు ఇవ్వరాదనే చర్య ప్రకటించింది. మన దేశంలో ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీం కోర్టు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది.

చట్టం కంపెనీలను కట్టడి చేయవచ్చు. ఇంటిని ఎవరు కట్టడి చేస్తారు? పాలసీ మా వారి పేర. మార్కులు ఆయన ఫోనుకు వస్తే, "నిన్న బిజినేపల్లిలో అరగంట ఆగినవెందుకు బిడ్డా?" అనే ప్రశ్న నేడు కాకపోతే రేపు వస్తుంది. మా ఇంట్లో ప్రేమతోనే అడుగుతారు. అన్ని ఇళ్లలో అట్లాగే అడుగుతారా? ఎన్నో ఇళ్లలో ఆడపిల్ల స్టీరింగు పట్టటానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలియనిదా? గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. ఇప్పుడు చక్రాలకు కండ్లు వచ్చాయి.

చివరకు ఏం చేశామంటే, నిర్ణయం అమ్మాయికే వదిలేశాము. నడిపేది ఆమె, లెక్కలోకి వచ్చేది ఆమె. "నా నడకకు మార్కులు వద్దు నాయనా, బండికి బీమా చాలు" అన్నది. మావారు కాసేపు మూతి ముడుచుకుని, "సరే, ఆరు వందలు నీ జీతంలోంచి ఇయ్యి" అన్నారు. అందరం నవ్వుకున్నాము.

మీ ఇంట్లో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా తేలవచ్చు. కొత్తగా బండి నేర్చిన కుర్రవాడు ఉంటే ఆ కాపలా మేలే చేస్తుందేమో. ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. రాయితీ ఏ భాగానికి? మార్కులు తగ్గితే ధర పెరుగుతుందా? ఆ లెక్క ఎవరెవరికి ఇస్తారు? వద్దనుకుంటే తీసేయవచ్చునా? ఇంకో మాట. ప్రీమియం తగ్గిందని మురిసే ముందు, బండికి ఎంత విలువ కట్టారో చూడండి. బండి రెండేళ్లు దాటితే నూటికి 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 తరుగు తీయటం వాడుక. అంతకంటె తక్కువ కడితే ఈనాటి చవక రేపటి ఏడుపు.

అన్నిటికంటె ముందు గడువు తేదీ వంటింటి క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసుకోండి. గద్వాల దారిలోనో, నాగర్‌కర్నూలు దారిలోనో మా పెద్దమ్మ వంటి తల్లి ఒకరు నడుస్తూనే ఉంటారు. బీమా మొదట పుట్టింది ఆమె కోసమే.