వేగపు ముల్లు వెనుక

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో వెలుగు చూసిన జాగ్వార్ ఈ-టైప్ కారులో నన్ను ఆకట్టుకున్నది దాని మీటర్ల పలక. ఆ మీటర్లు చేసిన స్మిత్స్ సంస్థ 1851లో లండన్‌లో గడియారాల దుకాణంగా పుట్టింది. స్పీడోమీటరు సూత్రానికి 1902లో బెర్లిన్‌లో ఒట్టో షుల్జ్ పేటెంటు పొందాడు. గేరుబాక్సు నుండి వచ్చే కేబులు అయస్కాంతాన్ని తిప్పుతుంది. అది తాకకుండానే లోహపు గిన్నెను తనవెంట ఈడుస్తుంది. సన్నని స్ప్రింగు అడ్డుకుంటుంది. ముల్లు ఆ రెంటి నడుమ రాజీ.

పునరుద్ధరించేవారు ముందు బ్యాటరీ తీగ విప్పి, పిదప కేబులు ఊడదీసి, మీటరు తెరచి, ఎండిన గ్రీజు తుడుస్తారు. అది వైద్యం. మైళ్ళ అంకెలను సున్నాకు తిప్పడమో? అది చరిత్రను చెరపడమే. వెలసిన అంకెలను అలాగే నిలిపి, ముల్లుకు మాత్రం ప్రాణం పోసినవాడే, నా దృష్టిలో, అసలైన పనివాడు.