జిగ్గురాత్: సుమేరు కట్టడం, అక్కాడు పేరు

ఇరాక్‌లోని ఊర్ నగరంలో ఉర్-నమ్ము క్రీ.పూ. 21వ శతాబ్దంలో చంద్రదేవుడు నన్నకు కట్టించిన మెట్ల గోపురాన్ని లోకం జిగ్గురాత్ అంటుంది. ఆ మాట సుమేరియన్ కాదు. ఎత్తుగా కట్టడమనే అర్థమున్న అక్కాడియన్ క్రియ 'జకారు' నుంచి పుట్టిన 'జిక్కుర్రతు'. సుమేరియన్‌లో దాన్ని 'ఉనిర్' అన్నారు. అక్కాడు సామ్రాజ్యం కూలాక వచ్చిన ఉర్-నమ్ము నాటి దశను చరిత్రకారులు సుమేరియన్ పునరుజ్జీవనంగా చెబుతారు. దాని ముఖ్య కట్టడమే అక్కాడియన్ పేరుతో నిలిచిపోయిందంటే, ఆ పునరుజ్జీవనం అక్కాడును తుడిచేయలేదనీ, కలుపుకుందనీ అనుకోవాలి.

పేరు ఏ భాషలో నిలిస్తేనేం, దాంతో ఏం రుజువవుతుందని అడగవచ్చు. నిజమే, పేరొక్కటే చాలదు. కానీ ఉర్-నమ్ము తన్ను తాను 'సుమేరు, అక్కాడుల రాజు'నని చెప్పుకున్నాడు. లగాష్ పాలకుడు గుడియా విగ్రహాల్లో చేతులు చేర్చి నిలిచిన భక్తుడి భంగిమ పాత సుమేరుదే, శాసనాలూ సుమేరియన్‌లోనే. అయితే మగన్ నుంచి, అంటే నేటి ఒమాన్ ప్రాంతం నుంచి, తెప్పించిన కఠినమైన డయొరైట్ రాతిని నున్నగా మెరిపించే పనితనం అక్కాడు రాజుల కాలంలోనే పండింది. భక్తి, భాష పాతవి. రాజ్యభావన, ఉలి నైపుణ్యం అక్కాడు నేర్పినవి. పునరుజ్జీవనం అన్న మాటను వాడవచ్చు గానీ, దాన్ని వెనక్కి నడవడంగా అర్థం చేసుకోకూడదు.