"పురుగు ముట్టింది" అంటే ఏ పురుగు? సాలీడు కాటు, పసరు మందు, మన బొగ్గు నేల



వానాకాలం మొదలైందంటే మన గ్రూపుల ఒకే తీరు పోస్టులు వస్తయి. చెయ్యి మీద ఎర్రగా కందిన ఫోటో, దాని కింద "సాలీడు కరిచింది, ఏం పసరు పెట్టాలె?" అని ప్రశ్న. జవాబులు వరుసగా పడతయి. ఒకరు తుమ్మాకు అంటరు, ఒకరు పసుపు తులసి అంటరు, ఇంకొకరు సున్నం, మరొకరు ఉల్లిగడ్డ. అందరూ మంచి మనసుతోనే చెప్తరు. చెప్పిన ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకసారి దానితో తగ్గిన అనుభవం ఉంటది.

ఈసారి మేము మందు పేరు చెప్పకుండా, ఆ ప్రశ్న వెనుక ఉన్న చరిత్ర చెప్పాలనుకున్నం. పోస్టు కొంచెం పొడుగు. హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవాలె.

ఒకటే మాట, ఎన్నో పురుగులు

మన ఊళ్లల్ల పొద్దుగూకినంక పాము పేరు తియ్యరు. "పురుగు ముట్టింది" అంటరు. తేలు కుట్టినా పురుగే, జెర్రి కరిచినా పురుగే, సాలీడు పాకినా పురుగే. పేరు తీస్తే వస్తదన్న భయంతో పెద్దలు ఆ మాట వాడిన్రు. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. ముట్టిన చోటు చూసేవాళ్లు, నొప్పి ఎటు పాకుతుందో అడిగేవాళ్లు, దీపం పట్టుకొని గడప, చాప, కట్టెల మోపు వెతికేవాళ్లు. ఏ పురుగో తేలినంకనే ఆకు కోసం పోయేవాళ్లు. మన దాకా వచ్చేసరికి ఆకు పేరు మిగిలింది, ఆ వెతుకులాట పోయింది. ఈ పోస్టులో అసలు మాట ఇదే.

అడవి కర్రతో పాటు వచ్చిన జీవాలు

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు గుర్తించిండు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. మన రామగుండం, గోదావరిఖని వైపు గనులు 1960ల మొదట్ల వచ్చినయి. గోదావరి ఒడ్డున అడవి, చిన్న చిన్న పల్లెలు ఉన్న చోట ఇంక్లైన్లు, క్వార్టర్లు, లారీ రోడ్లు లేచినయి.

అప్పటి భూగర్భ గనికి బొగ్గు తర్వాత పెద్ద అవసరం కర్ర. పైకప్పు కూలకుండా దుంగలు ఊతం పెట్టేవాళ్లు, ఆ పనికి టింబర్‌మెన్ అని వేరే కార్మికులే ఉండేవాళ్లు. అడవిల చెట్టు కొట్టి యార్డులో పేరిస్తే, తొర్రలో, బెరడు కింద ఉన్న జీవాలు కూడా దానితో పాటే వస్తయి. తేళ్లు, జెర్రులు, సాలీళ్లు అన్నీ.

దీనికి ఒక గట్టి సాక్ష్యం రాయలసీమలో ఉన్నది. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కట్టెల యార్డు దగ్గర ఒక నీలి రంగు పెద్ద సాలీడు దొరికింది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టిండు. ఆ తర్వాత వందేళ్లు అది మళ్లీ ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడ్డది. దాని అసలు ఇల్లు పాత చెట్ల తొర్రలు, గుత్తికి రైలు కట్టెలతో వచ్చి ఉంటదని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉన్నది. ఈ జాతి సాలీడు కరిస్తే నొప్పి గట్టిగా ఉంటది, కండరాలు కొన్ని రోజులు పట్టేస్తయి. దీంతో మనిషి చనిపోయినట్టు మాత్రం నిర్ధారణ లేదు. చెట్టు పోతే సాలీడు ఇంట్లకు వస్తది, లేదా లేకుండా పోతది. మన అడవికి జరిగింది కూడా ఇదే.

లైట్లు తెచ్చిన పొక్కులు

1978లో రామగుండంలో ఎన్టీపీసీకి శంకుస్థాపన అయింది, 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఓపెన్‌కాస్టుల మీద, కాలనీల్లో రాత్రంతా పెద్ద లైట్లు. వాన పడ్డనాడు ఆ లైట్ల కిందికి సన్నగా, చీమలాగా ఉండే నలుపు, నారింజ చారల పురుగు వస్తది. శాస్త్రంలో దాన్ని పెడెరస్ అంటరు. అది కరవదు, కుట్టదు. మెడ మీద వాలితే మనం చేత్తో నలిపేస్తం. దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుంటది. అప్పుడేం తెలియదు. మరునాడు పొద్దున గీతలాగా మంట, నీటి పొక్కులు. మోచేతి మడతలో పడితే అవతలి వైపు కూడా అదే అచ్చు దిగుతది.

మన ఇండ్లల్ల దీన్నే "సాలీడు ఉచ్చ పోసింది" అంటరు. పాపం సాలీడుకు ఏం సంబంధం లేదు. ఒక్కోసారి సర్పి లేచినా ఆ మాటే అంటరు. సర్పి అనేది చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరస్ ఒంట్లో దాక్కొని, మళ్లీ నరం వెంట లేవడం. మన గ్రూపుల వచ్చే "సాలీడు కాటు" ఫోటోల్లో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒకటి, లేకపోతే చీము పట్టిన మామూలు గడ్డ.

పసరు ఎందుకు పని చేసినట్టు కనబడ్తది

మన దగ్గర ఇంట్లో తిరిగే సాలీళ్లు చాలావరకు మనిషికి ప్రమాదం కాదు. వాపు, దురద రెండు మూడు రోజులకు వాటంతటవే పోతయి. పెడెరస్ పొక్కులు వారం, పది రోజులకు మానుతయి. తానే తగ్గే దానికి ఏ ఆకు పెట్టినా ఆకుకే పేరొస్తది.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇటలీలో టరాంటో అనే పట్టణం ఉన్నది. అక్కడి పల్లెల్లో సాలీడు కరిచినోళ్లు డప్పు, ఫిడేలు మోతకు రోజుల తరబడి ఆడితే విషం దిగుతదని కొన్ని వందల ఏండ్లు నమ్మిన్రు. టరాంటెల్లా అనే ఆటకు ఆ పేరు అట్లనే వచ్చింది. టరాంటులా అనే మాట కూడా ఆ ఊరి పేరే. రోజులు గడిచి తగ్గేది, పేరు మాత్రం ఆటకు వచ్చేది. యూరప్ వాళ్ల నమ్మకం జానపద సంస్కృతి, మన నమ్మకం మూఢత్వం అని ఎవరైనా అంటే ఈ ముచ్చట చెప్పండి.

అయితే అన్నీ నష్టం లేని మందులు కావు. కాటు మీద సున్నం పెడితే చర్మం కాలుతది. బ్లేడుతో కోస్తే చీము పడ్తది, ధనుర్వాతం రావచ్చు. 2012లో అస్సాంలోని సదియాలో సాలీళ్లు కరిచి ఇద్దరు చనిపోయిన్రని వార్తలొచ్చినయి. ఆ ఇద్దరినీ ముందు మంత్రగాళ్ల దగ్గరికి తీస్కపోయిన్రని, గాయం బ్లేడుతో కోసి రక్తం తీసిన్రని అప్పటి వార్తల్లోనే ఉన్నది. సాలీడు విషమే చంపిందని మాత్రం తేలలేదు.

ప్రాణం పోయే చోటు

అసలు భయం సాలీడుతో కాదు, సాలీడు అనుకున్న దానితో. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నోళ్లను కరుస్తది. నొప్పి దాదాపు ఉండదు, గుర్తు కూడా సరిగ్గ కనబడదు. "ఏదో పురుగు కుట్టింది, సాలీడే కావచ్చు" అని పసరు పూసి పడుకుంటరు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవుడు, మాట ముద్ద కావుడు, ఊపిరి అందకపోవుడు. సాలీడు మీద "పని చేసిన" ఆకు ఇక్కడ నాలుగు గంటలు మింగేస్తది.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయిన్రని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి దాదాపు 58 వేలు. ఎక్కువ మంది పల్లెటూరి వాళ్లు. ఎక్కువ చావులు ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది.

ఇంకొక మాట. విషానికి విరుగుడని ఈశ్వరి వేరు నూరి తాగించే అలవాటు చాలా చోట్ల ఉన్నది. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటది. 1990ల మొదట్ల బెల్జియంలో బరువు తగ్గడానికి ఆ జాతి మూలిక కలిసిన మందు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు పాడైనయి. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. కాబట్టి లోపలికి తాగించే వేరు వద్దు.

మనవాళ్ల జ్ఞానమే మందు అయిన కథ

ఇదంతా చదివి పెద్దల విద్య పనికిరాదని అనుకోవద్దు. తమిళనాడు ఇరుల ఆదివాసులను చూడండి. పాము జాడ పట్టడంలో వాళ్లను మించినోళ్లు లేరు. ఒకప్పుడు చర్మాల వ్యాపారులకు పాములు పట్టి బతికేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నరు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికి పని చేసే మన దేశపు యాంటీవీనంకు ఎక్కువ విషం చాలా ఏండ్లు వాళ్ల దగ్గరి నుంచే పోయింది. 2023లో ఇద్దరు ఇరుల పెద్దలకు పద్మశ్రీ వచ్చింది.

తేలు విషయంలో మహారాష్ట్ర మహాడ్‌లో డాక్టర్ బావస్కర్ ఇట్లనే చేసిండు. 1980ల్లో రోగుల పక్కనే కూర్చొని, గంట గంటకు ఏం జరుగుతుందో రాసుకున్నడు. ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మందుతో ఎర్రతేలు చావులు బాగా తగ్గించిండు. పెద్ద ల్యాబు లేదు. చూపు, ఓపిక, రాత. మన పెద్దలకు మొదటి రెండూ ఉండే.

ఆస్ట్రేలియాలో రెడ్‌బ్యాక్ సాలీడుకు 1956లోనే యాంటీవీనం వచ్చింది. మన దేశంలో సాలీడుకు అట్లాంటిది తయారు కాదు. పాము యాంటీవీనం సాలీడు కాటుకు పని చెయ్యదు. అందుకే ఏది కరిచిందో తెలుసుకోవడం ఇంత ముఖ్యం.

ఏం చెయ్యాలె

సాలీడని కళ్లారా చూస్తే సబ్బు నీళ్లతో కడగండి, చల్లని తడిగుడ్డ పెట్టండి, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడగండి. కోయవద్దు, కాల్చవద్దు, సున్నం పెట్టవద్దు. కండరాలు పట్టేసినా, చెమటలు పోసినా, చర్మం నల్లబడినా, జ్వరమొచ్చినా, చిన్నపిల్లలైనా ఆగకుండా దవాఖానకు పోవాలె.

లైటు కింద పురుగు వాలితే నలపకుండా ఊదేయండి, ఆ చోటు సబ్బుతో కడగండి.

ఏం కరిచిందో తెలియకపోతే, ముఖ్యంగా రాత్రి నిద్రలో అయితే, పామే అనుకోండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి, కాలు చెయ్యి కదలనియ్యకండి, గట్టిగా కట్టు కట్టవద్దు, 108కు ఫోన్ చెయ్యండి. తాత పసరు పెడతా అంటే గొడవ పడకండి. "బండిల కూసున్నంక పెట్టు తాతా" అనండి. 2022 నవంబరు నుంచి రామగుండంలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తున్నది, మన పిల్లలు అక్కడ సీటు కొట్టాలె.

చివరగా ఒక పని. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను, తాతను అడిగి రాయండి. ఏ ఆకు అని ఒక్కటే కాదు, ఏ పురుగుకు, దాన్ని ఎట్ల గుర్తుపట్టేవాళ్లు, ఎన్ని రోజులకు తగ్గేది, ఎవరికి తగ్గలేదు అన్నీ రాయండి. తగ్గనోళ్ల ముచ్చట ఎవరూ చెప్పరు. మన చరిత్రలో రాయకుండా పోయింది ఎక్కువగా అదే.